లాంచిలో వచ్చినవాడు

1984 జనవరి 27, శుక్రవారం

ఈ డైరీ మా కోడలు దిల్షాద్ ఇచ్చింది. మా అబ్బాయి ఖలందర్ ఆఫీసులో కొత్త సంవత్సరానికి పంచారట. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు, మధ్యలో నాకోసం ఖాళీ. "మామా, చెప్పాలనుకున్నేదంతా ఇందులో రాసుకోండి, మా చెవులకు కొంచెం సెలవు దొరుకుతాది" అంటూ చేతిలో పెట్టింది. మంచి పిల్ల. నోరు మాత్రం రాయచోటి మిరపకాయ.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. మాది దూదేకుల ఇల్లు. మా నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకేవాడు. నేను బెల్లం కట్టిన కాగితాలు చదివి చదువు నేర్చుకున్నాను. బెల్లం కాగితంలో వాక్యం సగంలో మొదలై సగంలో తెగిపోతుంది. మిగతా సగం మనమే పూరించుకోవాలి. అరవై ఏళ్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

సంగతికి వస్తాను. నా మనవరాలు జుబేదాకు పదకొండేళ్లు. బడిలో టీచరమ్మ చెప్పిందట, మీ ఇళ్లలో కువైట్‌కు మొదట వచ్చినవాళ్లు ఎట్లా బతికారో కనుక్కుని రాసుకురండని. తక్కిన పిల్లలు ఒక పేజీ నింపి ఊరుకుంటారు. ఇది ఊరుకునే రకం కాదు. భోజనాల దగ్గర వాళ్ల నాయన్ను పట్టుకుంది.

"రాసేదేంది నాయనా, మనమే మూడు దినాలు అట్ల బతికి సూద్దాం. జేజినాయన లాంచిలో వచ్చినప్పుడు ఎట్లుండెనో అచ్చం అట్ల."

ఖలందర్ నవ్వి సరే అన్నాడు. ఫిబ్రవరి 25 జాతీయ దినం, సెలవు. గురువారం మధ్యాహ్నం బయల్దేరి శనివారం దాకా సులైబియా అవతల ఇసుకలో గుడారం. కువైటీలు చలికాలమంతా అదే చేస్తారు, కాకపోతే వాళ్ల గుడారాల్లో టీవీ ఉంటుంది. మా గుడారంలో కుళాయి లేదు, ఫ్రిజ్ లేదు, గ్యాసు లేదు. ఏడేళ్ల లాలు "టీవీ గూడా లేదా?" అని ఏడుపు ముఖం పెట్టాడు.

నా సంతోషం ఏం చెప్పను! ఇరవై ఏళ్లుగా చెప్పిన కథ, ఇప్పుడు నా పిల్లలు అందులోకి వచ్చి కూర్చోబోతున్నారు. అరవై ఒకటిలో బొంబాయి నుంచి లాంచి. ఇరవై రెండు దినాలు. ఇంటికప్పు పెంకుల మూటల మీద పడక. తీరం కనబడగానే లాంచి నడిపే నాఖుదా "దిగండి" అన్నాడు. మెడలోతు నీళ్లు. పక్కన సొరచేప. దూకాను. ఆ తర్వాత రెండేళ్లు కట్టుబడి పనుల దగ్గర కావడితో నీళ్లు మోశాను. ఇది నాకు నేను రాసుకునేది, ఇందులో అబద్ధం రాయాల్సిన అవసరం లేదు.

జనవరి 30

జుబేదా ఒక నోటుబుక్కు పెట్టింది. రోజూ బడి నుంచి రాగానే ప్రశ్నలు. లాంచిలో దొడ్డికి ఎక్కడ పోయేవాళ్లు? దీనికి నా దగ్గర జవాబు ఉంది, వెనక చెక్కకు కట్టిన పెట్టె. ఎవరు వండేవాళ్లు? జవాబుంది. పక్కన కూర్చున్నవాడి పేరేంది?

"చానామంది ఉంటిమి లేమ్మా."

"ఒగరి పేరు గూడా తెలీదా? ఇరవై రెండు దినాలు పక్కపక్కనే ఉండి?"

పాలు చల్లారిపోతాయి తాగు అన్నాను.

ఫిబ్రవరి 1

సిద్ధయ్య సంగతి ఇందులో రాయకూడదు.

ఫిబ్రవరి 3, శుక్రవారం

ఖైతాన్ పోయాను. మా సాల్మియా ఫ్లాటు కిటికీలోంచి సముద్రం కనబడుతుంది, కానీ మాట్లాడే మనిషి కనబడడు. ఖైతాన్‌లో హుస్సేన్ పీరా చాయ్ హోటల్లో మనిషికి మనిషి తగులుతాడు. నేను గడప దాటగానే పీరా లోపలికి కేకేశాడు.

"లాంచి సాబ్ వచ్చినాడు, ఒగ చాయ్ గట్టిగా!"

నా పేరు బుడేన్ సాహెబ్ అని ఆ హోటల్లో సగంమందికి తెలియదు. పోయిన వారమే వీసా మీద వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు లేచి నాకు చోటిచ్చారు. విమానంలో మూడున్నర గంటల్లో వచ్చి దిగినవాళ్లు, లాంచి మనిషిని చూస్తే కళ్లు పెద్దవి చేసుకుంటారు. చెప్పాను. సొరచేప ఈసారి కొంచెం పెరిగింది.

కథ అయ్యాక పీరా గ్లాసులు తీస్తూ అన్నాడు. "అవును సాబ్, మీ పాత రూములో సిద్ధయ్య ఉండె గదా. పని ఖలాస్ చేసుకోని ఊరికి పోతాండాడంట, ఈ నెలాఖరుకే. సులైబియాలో ఏందో పైపుల యార్డులో వాచ్‌మన్ పని ఇన్నాళ్లూ."

"ఏ సిద్ధయ్య?" అన్నాను.

ఎందుకట్లా అన్నానో తెలియదు. వెంటనే గుర్తొచ్చినట్టు "ఓ, వాడా" అన్నాను. చాయ్‌లో చక్కెర ఎక్కువైంది. పీరా చెయ్యి మునుపటిలా లేదు.

ఫిబ్రవరి 6

ఖలందర్ గట్టి కర్ర ఒకటి, రెండు నెయ్యి డబ్బాలు, తాడు తెచ్చాడు. మిద్దె మీద అందరూ చేరారు. "జేజినాయనా, మోసి సూపించు" అని లాలు చప్పట్లు కొట్టాడు.

డబ్బాలు నింపారు. కర్ర భుజానికెత్తుకుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాను. ముప్పై అడుగులు. మొదటి అడుగుకే ముందు డబ్బా ఒకవైపు, వెనక డబ్బా ఇంకోవైపు. నా పైజామా తడిసింది. లాలు తడిశాడు. ఆరేసిన దిల్షాద్ దుప్పట్లు తడిశాయి.

జుబేదా నవ్వలేదు. స్కేలు తెచ్చి డబ్బాలో దించి చూసింది.

"సగం పోయింది. దినానికి ఎన్ని తడవలు మోసేవాడివి?"

"నలభై."

"అంటే ఇరవై తడవల నీళ్లు దోవలోనే పోసినావు. పని చేయించే ముదీర్ ఊరుకునేనా?"

"ఇప్పుడు మోకాలు నొప్పమ్మా. అప్పుడు ఒక్క చుక్క కింద పడేది కాదు."

"ఎట్ల పడకుండా మోసేవాడివి?"

ఎట్లా? అది నాకు తెలియదు. ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సొరచేప ఎంత పొడుగు అని అడిగినవాళ్లు ఉన్నారు గానీ, నీళ్లు ఎట్లా ఒలకలేదని అడిగినవాడు లేడు.

ఫిబ్రవరి 7

మోకాలు నొప్పి.

ఫిబ్రవరి 8

మోకాలు నొప్పి. దిల్షాద్ నూనె కాచి ఇచ్చింది. "ఏ కాలు మామా?" అంది. కుడిది అన్నాను. "నిన్న ఎడమది అంటిరే" అంది. వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 10, శుక్రవారం

రాసేస్తాను. ఎవరు చదువుతారు? ఖలందర్‌కు తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాలి, పిల్లలకు అవి కూడా రావు.

నేను లాంచిలో రాలేదు.

బొంబాయిలో టికెట్టు కొనుక్కుని, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, పెద్ద స్టీమర్ డెక్కు మీద వచ్చాను. ఎనిమిది దినాలు. చమురు కంపెనీ ఊరైన అహ్మదీలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు బంగళాలో వంటవాడిగా కుదిర్చి రప్పించారు. గోడలో ఏసీ. నేను కువైట్‌లో మొదటి ఎండాకాలం స్వెట్టర్ వేసుకుని గడిపాను.

లాంచిలో వచ్చింది సిద్ధయ్య. మాకు పది మైళ్ల దూరం ఊరు వాడిది. అరవై నాలుగులో నేను ఖైతాన్‌లో మెస్ వంటకు మారినప్పుడు ఇద్దరం ఒక రూములో ఉన్నాం. మాటలు తక్కువ మనిషి. ఒక ఎండాకాలమంతా సాయంత్రాలు నేను గుచ్చి గుచ్చి అడుగుతూ వాడి నోట ఆ కథ రాబట్టాను, పాత పరుపులోంచి దూది లాగినట్టు. లాగిందాన్ని ఏకాను. ఏకితే దూది పెరుగుతుంది గదా.

మొదట "మా సిద్ధయ్య వచ్చినప్పుడు" అని చెప్పేవాణ్ణి. తర్వాత "మేం వచ్చినప్పుడు." ఎప్పుడో ఒకరోజు "నేను" అయింది. ఏ రోజో నాకు తెలియదు. తెలిస్తే ఆ రోజు ఆగేవాణ్ణేమో. ఆగేవాణ్ణి కాదులే.

డెబ్బై మూడులో రంజాన్ పండగ రోజు పదిమందికి చెబుతున్నాను. చివరికొచ్చేసరికి అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు. సిద్ధయ్య నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో. చేతిలో నాకోసం తెచ్చిన ఖర్జూరాల పొట్లం. లోపలికొచ్చి, పొట్లం నా పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. పదకొండేళ్లయింది. మళ్లీ మేం కలవలేదు.

ఈ నెలాఖరుకు వాడు వెళ్లిపోతాడు. వెళ్లిపోతే ఇక ఈ కథ నాదే. అడిగేవాడు ఉండడు. ఈ మాట రాసి చదువుకుంటే నాకే భయమేసింది.

ఫిబ్రవరి 13

"గుడారం ఎందుకమ్మా, చలి. మ్యూజియం పోదాం, పాత ఓడలు చూపిస్తాను" అన్నాను. జుబేదా నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూసింది.

ఫిబ్రవరి 17, శుక్రవారం

సులైబియా పోయి వచ్చాను. ఖైతాన్ దాకా బస్సు, అక్కణ్ణుంచి నలుగురితో కలిసి టాక్సీ. యార్డు వెతకడం కష్టం కాలేదు. మనిషి దూరేంత సిమెంటు పైపులు వరసగా పేర్చి ఉన్నాయి. గేటు పక్కన రేకుల గది. గది ముందు పాత టైరులో పుదీనా.

పదకొండేళ్లలో ఏమేం అనాలో వెయ్యిసార్లు అనుకున్నాను. వాడు బయటికొచ్చి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నన్ను నిదానంగా చూశాడు.

"బుడేను గదా? లావైనావు."

అంతే. చాయ్ పెట్టాడు. నేను వంటవాణ్ణి, అంత చెడ్డ చాయ్ నా జన్మలో తాగలేదు. రెండు గ్లాసులు తాగాను.

"సిద్ధా, కావడి మోసేది నేర్పించు."

"అరవై ఏండ్లకా? ఎవరికి పోచ్చావు నీళ్లు?"

మనవరాలి సంగతి చెప్పాను. గుడారం, మూడు దినాలు, మిద్దె మీద తడిసిన దుప్పట్లు. వాడు విన్నాడు. పిల్లలు మోయమన్నది ఎవరి కావడో, ఎవరి కథో వాడికి తెలియదనుకోను. అడగలేదు.

"పిల్లోళ్ల ముందర నగుబాటు అయితాదంటావు."

"ఊ."

లేచి ఒక కర్ర, రెండు పెయింటు డబ్బాలు తెచ్చాడు. "భుజం మింద గాదురా, మెడ పక్కన గుంత ఉండాది సూడు, ఆడ పెట్టు. అడుగు పొట్టిగా ఎయ్యి. తాడు పట్టుకోవాకు. ఊగనీ. అది ఊగినట్ల నువ్వు గూడా ఊగు, దాంతో కొట్లాడాకు."

అయినా ఒలికాయి. వాడు గదిలోకి పోయి అరటిపండ్ల పెట్టె చెక్కను కత్తితో గుండ్రంగా, అరచెయ్యంత కోశాడు. రెండు. ఒక్కోదాన్ని తడిపి నీళ్ల మీద వేశాడు.

"ఇప్పుడు నడువు."

నడిచాను. గేటు దాకా పోయి వచ్చాను. చుక్క పడలేదు. నీళ్లు ఎగరబోయినప్పుడల్లా చెక్క మీద పడుకున్నాయి.

"మనూర్లో కడవలో తంగేడు కొమ్మ ఏచ్చారు గదా. ఈడ కొమ్మ యాడుండాది? పెట్టె చెక్క ఏసుకుంటి."

"ఇది నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది, చూడండి నా సిగ్గులేనితనం.

"నువ్వు అడగలా. నువ్వు లాంచి గురించే అడిగితివి."

గంటసేపు మోశాను. ఇద్దరం చానా నవ్వాం. వచ్చేటప్పుడు ఆ రెండు చెక్కలు నా సంచిలో పెట్టాడు. రొట్టె విరిగి నేతిలో పడిందంటే ఇదే. సమస్య తీరింది.

వాడితో ఇంకొక మాట మాట్లాడాల్సి ఉండింది. బస్సుకు ఆలస్యమవుతుందని వచ్చేశాను.

ఫిబ్రవరి 19

మొన్న సులైబియా నుంచి ఇంటి దాకా టాక్సీలోనే తిరిగి వచ్చాను గదా. బస్సు ఎక్కడిది?

ఫిబ్రవరి 23, గురువారం. గుడారంలో

ఖలందర్ మేకు కొట్టబోయి వేలు కొట్టుకున్నాడు. దిల్షాద్ మూడు రాళ్లు పెట్టి, కట్టెలు రగిలించి, బోర్లించిన పెనం మీద రొట్టెలు కాలుస్తుంటే జుబేదా నోరు తెరుచుకుని చూసింది.

"మా, ఇదంతా నీకెట్ల తెలుసు?"

"నా పెండ్లి అయ్యేదాకా ఇట్లనే వండినా. మీకు ఇది పాతకాలం ఆట, నాకు పుట్టినిల్లు." పొగకు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. జుబేదా నోటుబుక్కులో ఇది కూడా ఎక్కింది.

ఇక నా సంగతి. ఖలందర్ చోటు చూసేటప్పుడు నీళ్లు దగ్గరుండాలని చూశాడట. "అదో, ఆ పైపుల యార్డులో కుళాయి ఉండాది నాయనా. వాచ్‌మన్ను అడిగినా, పెద్దాయన, రాయచోటి పక్కాయనే. పట్టుకోండి అన్నాడు." ఇంత ఎడారిలో వీడికి దొరికింది ఆ కుళాయి.

ఒక్కణ్ణే పోయాను. సిద్ధయ్య గేటు తీసి, డబ్బాలు నింపి, మళ్లీ గేటు వేశాడు. ఫర్లాంగు దూరం. చుక్క ఒలక్కుండా తెచ్చాను. లాలు ఈల వేశాడు. జుబేదా స్కేలు దించి, చెక్కను తిప్పి చూసి, ముఖమంతా వెలిగిపోతూ అడిగింది.

"ఇది నీకెవరు నేర్పించినారు జేజినాయనా?"

ఎవరూ నేర్పలేదని చెప్పాను.

ఫిబ్రవరి 24, శుక్రవారం

పొద్దున జుబేదా నీళ్లకు నేనూ వస్తానంది. వద్దన్నాను. ఎందుకంది. డబ్బాలు తీసుకుని నడిచాను, వెంట వచ్చింది.

సిద్ధయ్య పుదీనాకు నీళ్లు పోస్తున్నాడు.

"ఎవరు జేజినాయనా?"

"వాచ్‌మన్."

అట్లాగే అన్నాను, వాడు వింటుండగా.

వాడు డబ్బాలు కుళాయి కింద పెట్టాడు. రెండో డబ్బాలో చెక్క లేదు, గుడారం దగ్గరే మరిచిపోయి వచ్చాం. వాడు గదిలోంచి ఒక చెక్క తెచ్చి, రెండు వైపులా తడిపి, నీళ్ల మీద వదిలి, వేలితో ఒకసారి చుట్టూ తిప్పాడు. నేను నిన్నటి నుంచి చేస్తున్నదే. అచ్చం అట్లాగే.

జుబేదా వాణ్ణి చూసింది. నన్ను చూసింది.

"తాతా, ఈ చెక్క ఏసేది నీకు ఎవరు నేర్పించినారు?"

సిద్ధయ్య తల ఎత్తాడు. ఒక క్షణం నా వైపు చూసి, పిల్ల వైపు తిరిగాడు.

"ఇంకెవరు పాపా? మీ జేజినాయనే. అప్పుడు మేమిద్దరం ఒగే రూములో ఉంటిమి. లాంచిలో వచ్చిన మనిషి గదా, ఆయనకు తెలీంది లేదు."

వాడి ముఖంలో వెటకారం కోసం వెతికాను. ఉంటే నాకు తేలికయ్యేది. లేదు. వాడు కూర్చుని డబ్బా తాడు ముడి బిగిస్తున్నాడు. పదకొండేళ్ల కిందట ఖర్జూరాల పొట్లం పెట్టిపోయినట్టే, తన బతుకంతా పొట్లం కట్టి నా పక్కన పెట్టేశాడు. ఇంకో నాలుగు దినాల్లో విమానం ఎక్కుతాడు. నేను నోరు మూసుకుంటే చాలు.

"లేదు జుబేదా" అన్నాను. "లాంచిలో వచ్చింది నేను గాదు. ఈయన. పేరు సిద్ధయ్య. నీళ్లు మోసింది ఈయన."

"మరి నువ్వు?"

"స్టీమర్లో వచ్చినా. టికెట్టు కొనుక్కోని."

"పెంకుల మూటల మింద పండుకునింది?"

"ఈయనే."

"నీళ్లల్లో దూకింది?"

"ఈయనే."

"సొరచేప?"

"అది ఎవరిదీ గాదమ్మా."

"సొరచేపేంది రా?" అని సిద్ధయ్య కంగారుపడ్డాడు.

జుబేదా నన్ను వదిలి వాడి వైపు తిరిగింది. "తాతా, ఈ పొద్దు మీరు మోయండి. నేను సూచ్చా" అంది వాడితో. వాడు నావైపు చూడకుండా కావడి ఎత్తుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి, నీళ్ల బరువే లేనట్టు నడిచాడు. పిల్ల వాడి పక్కన నడిచింది. నేను వెనక నడిచాను. నా చేతుల్లో ఏమీ లేదు.

ఫిబ్రవరి 25, శనివారం

నిన్నటి పగలంతా, ఈ రోజు మధ్యాహ్నం దాకా సిద్ధయ్య మా గుడారంలోనే. గేటు ఇంకో వాచ్‌మన్‌కు అప్పజెప్పి వచ్చాడు. ఖలందర్ నాతో మాట్లాడలేదు. పాపం, వాడు కూడా ఆఫీసంతా చెప్పుకున్నాడు, మా నాయన లాంచి మనిషని. దిల్షాద్ మాత్రం గిన్నె నా ముందు పెట్టి "మామా, చాయ్ పెట్టండి. అది మీకు వచ్చు గదా" అంది. దీవించినట్టా, తిట్టినట్టా తెలియలేదు. పెట్టాను.

జుబేదా మొదటి నుంచీ అడుగుతోంది. వాడు గింజ గింజగా చెబుతున్నాడు.

"దూకినప్పుడు భయం కాలేదా తాతా?"

"దూకలా పాపా. తాడు పట్టుకోని యాలాడినా. నాకు ఈత యాడ వచ్చాది? మా ఊర్లో బాయిలోనే నీళ్లుండవు. నాఖుదా తాడు మింద నుంచి నా చేతి ఏళ్లు ఒగొగటే పీకినాడు. పడినా. సచ్చినా అనుకుంటి."

"మరి?"

"నిలబడితే నడుము దాకా ఉండాయి నీళ్లు."

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఖలందర్ కూడా నవ్వాడు.

"నవ్వులాటగా ఉండాదా? ఆడ్నే నిలబడి ఏడ్చినా. ఇంత లోతుకా నేను అంత బయపడింది అని."

అరవై నాలుగులో ఈ మాట నాకూ చెప్పాడు. నడుములోతు ఎవరు వింటారని మెడ దాకా పెంచింది నేను. వేలాడిన మనిషిని దూకించింది నేను. ఇరవై ఏళ్లలో నా కథకు కళ్లు పెద్దవి చేసినవాళ్లున్నారు గానీ, ఇట్లా నవ్వి, నవ్వి, చివర్లో లాలులాగా పోయి చెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు. నాకు కొంచెం ఈర్ష్య కలిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

గిన్నెలు కడిగేటప్పుడు ఇద్దరమే ఉన్నాం. ఇసుకతో తోముతూ అడిగాను.

"ఆ పొద్దు ఒగ మాటన్నా అనకుండా పోయినావే సిద్ధా. కోపం రాలేదా?"

"వచ్చింది."

"ఎన్నాళ్లుండె?"

"నిన్న పొద్దున దాకా ఉండె." గిన్నె బోర్లించి అన్నాడు. "నిన్న గూడా నేను అట్ల చెప్పింది నీ మింద ప్రేమతో గాదురా. ఆ బిడ్డ మొగం సూసి. నీ మొగం సూసుంటే చెప్పుండను."

నన్ను మన్నించు అని అన్నాను. వాడు విననట్టు "ఆ పెనం ఇటియ్యి, మాడు పోలా" అన్నాడు.

ఫిబ్రవరి 28

సిద్ధయ్య వెళ్లిపోయాడు. ఖలందర్ కారులో అందరం విమానాశ్రయానికి పోయాం. జుబేదాతో పది మాటలు మాట్లాడాడు. నాతో ఒకటి. "పుదీనా తీసకపోరా, ఎండిపోతాది."

తిరిగొస్తూ యార్డుకు పోతే టైరు కారు డిక్కీలో పట్టలేదు. వేర్లతో పెరికి తెచ్చాను.

మార్చి 2, శుక్రవారం

ఖైతాన్‌లో కూడా ఈ బరువు దించుకుందామని పోయాను. హోటల్ నిండా జనం. గ్లాసు పక్కన పెట్టి, లేచి నిలబడి, లాంచిలో వచ్చింది నేను కాదు, సిద్ధయ్య అని చెప్పాను.

హుస్సేన్ పీరా నా భుజం తట్టాడు.

"సూడండ్రా, పెద్ద మనిషంటే ఇట్లుండాల. స్నేహితుడు ఊరికి పోయినాడని తన గొప్పంతా ఆయనకిచ్చేస్తాండాడు."

"కాదు పీరా, నిజం."

"అంతేలే సాబ్, అంతేలే. ఈ పిల్లోడు నిన్ననే దిగినాడు కడప నుంచి. ఆ సొరచేపది చెప్పు."

రెండు గంటలు వాదించాను. ఎంత వాదిస్తే అంత గొప్పవాణ్ణి అయ్యాను. ఆఖరికి చాయ్‌కి డబ్బులు కూడా తీసుకోలేదు.

మార్చి 5

జుబేదా వ్యాసం బడిలో ఇచ్చింది. సిద్ధయ్య తాత పేరు పైన పెట్టింది. టీచరమ్మ గోడకు అంటించిందట. ఇది దిల్షాద్ చెప్పింది. జుబేదా నాతో ఇంకా మాట్లాడడం లేదు. అన్నం పెట్టేటప్పుడు గిన్నె జరిపి "జరుపుకో" అంటుంది. అది మాట కిందికి రాదు.

మార్చి 6

జరుపుకో.

మార్చి 9, శుక్రవారం

మధ్యాహ్నం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. జుబేదా వచ్చి గట్టు మీద కూర్చుంది. నోటుబుక్కు ఒళ్లో ఉంది. బడి వ్యాసం అయిపోయింది గదా, ఇంకా ఎందుకో.

"ఆ ఇంగ్లీషోళ్ల ఇంట్లో మొదటి దినం ఏం వండినావు?"

నాకు వెంటనే నాలుక మీదికి వచ్చింది. పన్నెండుమంది దొరలు, టర్కీ కోడి, దొరసాని చప్పట్లు. అంతా తయారుగా ఉంది. కత్తి పక్కన పెట్టాను.

"గుడ్డు ఉడకేసినా."

"ఒగటా?"

"ఒగటే. దొరకు."

"బాగ వచ్చిందా?"

"లేదు. పగిలిపోయింది. ఎంతసేపు ఉడకెయ్యాలో నాకు తెలీదు. వంటవాణ్ణని చెప్పి వచ్చినా గానీ నాకు అప్పుడు వంట రాదు. గుడ్డు దొర ముందర పెట్టి, తలుపు ఎనక నిలబడి ఏడ్చినా, ఓడ ఎక్కించి ఎనక్కి పంపుతారని."

"పంపినారా?"

"లేదు. తిన్యాడు."

పెన్సిల్ కాసేపు నోట్లో పెట్టుకుని నా ముఖంలోకి చూసింది. స్కేలు దించి నీళ్లు కొలిచిందే, ఆ చూపు. ఏం తేలిందో గాని, తల వంచి రాసుకోవడం మొదలుపెట్టింది.

"ఊ" అంది. "రెండో దినం?"